ఒక్క కంజీ, ఇన్ని పలుకులు

జపనీస్‌లో నన్ను బాగా సతాయించింది 生 అనే ఐదు గీతల చిన్న కంజీ, అంటే చైనా నుంచి వచ్చిన బొమ్మ అక్షరం. నేలలోంచి మొలక లేచే బొమ్మ నుంచి పుట్టింది. గురువు అనే 'సెన్సెయ్'లో అది 'సెయ్', పుట్టినరోజు అనే 'తంజోబి'లో 'జో', విడిగా కనిపిస్తే 'నమ'. నిఘంటువులో దాని ఉచ్చారణల పట్టీ చూస్తే నీరసం వస్తుంది. ఆ పట్టీని పక్కనపెట్టి, అక్షరం తర్వాత ఏముందో చూడడం మొదలుపెట్టాక చిక్కు వీడింది.

వెనుక హిరగానా (జపనీస్ వాళ్ల సొంత ధ్వని లిపి) తోక ఉంటే అచ్చ జపనీస్ క్రియ. తోక 'కిరు' అయితే 'ఇకిరు', బతకడం. 'మరెరు' అయితే 'ఉమరెరు', పుట్టడం. 'ఎరు' అయితే 'హఎరు', మొలవడం. పక్కన మరో కంజీ ఉంటే సాధారణంగా చైనా నుంచి వచ్చిన ఉచ్చారణ, 'సెయ్' లేదా 'షో'. 'తంజోబి'లోని 'జో' ఈ 'షో'యే. మనం విడిగా 'నీళ్లు' అని, సమాసంలో 'జల' అన్నట్టే. కాకపోతే వాళ్లు అలాంటి జంటను ఒకే గుర్తుతో రాస్తారు!

'నమ' మాత్రం ఈ పద్ధతికి లొంగదు. 'నమతమగొ' పచ్చి గుడ్డు, 'నమబీరు' వేడితో శుద్ధి చేయని బీరు, 'నమహోసో' ప్రత్యక్ష ప్రసారం. వండనిది, ఉన్నది ఉన్నట్టు అందేది అనుకుంటే మూడూ ఒక తాటి మీదికి వస్తాయి. నాకు అన్నిటికంటే నచ్చిన అర్థం ఇదే.

పచ్చిక బయలు 'షిబఫు'లో ఇదే అక్షరం 'ఫు' అవుతుంది. దానికి సూత్రం వెతక్కుండా, మాటను మాటగానే కంఠస్థం చేశాను.