రేసు కారు మోడల్ మీద డెకాల్స్ అతికించడం ఎలా?

విజయవాడలో, గుంటూరులో తెలిసినవాళ్ళ కారు మోడళ్ళ కలెక్షన్లు చాలా చూశాను. డెకాల్ అంటే నీళ్ళలో తడిపి, కాగితం మీంచి జరిపి అతికించే పలచటి నంబరో, పేరో, చారో. దాని దగ్గర ప్రతిచోటా ఒకటే తప్పు. అద్దాల బీరువాలో పోర్షే 917 ఉంటుంది. రంగు చక్కగా కుదిరి ఉంటుంది, చక్రాలు సరిగ్గా కూర్చుని ఉంటాయి. తలుపు మీది 23 నంబరు చుట్టూ మాత్రం పలచటి వెండి పొర తేలి కనిపిస్తుంది. ప్యానెల్ గీత మీద ఆ నంబరు కాగితం అంటించినట్టు ఉబ్బి ఉంటుంది. నెలరోజులు కష్టపడి చేసిన బండి, చివరి రెండు గంటల తొందర వల్ల పాడైంది. చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది.

రోడ్డు మీద తిరిగే కారు మోడల్‌కి రంగు బాగుంటే చాలు. రేసు కారుకి చాలదు. 1968లో ఫ్రాన్స్‌లోని లెమాన్ 24 గంటల రేసు గెలిచిన ఫోర్డ్ జీటీ40, 1969లో గెలిచిన జీటీ40 రెండూ ఒకే బండి, 1075 నంబరు ఛాసిస్. లేత నీలం, నారింజ రంగులూ అవే. మొదటి ఏడు దాని ఒంటి మీద 9, రెండో ఏడు 6. తొమ్మిది వేస్తే అది రోడ్రిగెజ్, బియాంకీ నడిపిన కారు. ఆరు వేస్తే ఇక్స్, ఆలివర్‌లది. 1969 రేసు మొదలైనప్పుడు మిగతా డ్రైవర్లు కార్ల దగ్గరికి పరిగెత్తారు. ఆ పద్ధతి ప్రమాదమని చెప్పడానికి ఇక్స్ నడుచుకుంటూ వెళ్ళి, బెల్టు పెట్టుకుని, అందరికన్నా ఆఖర్న బయల్దేరాడు. మర్నాడు సుమారు 120 మీటర్ల తేడాతో గెలిచాడు. ఇదంతా చెప్పేది తలుపు మీదున్న ఒక్క అంకె. దాన్ని తొందరపడి అతికిస్తే ఎలా?

ముందు కారు, తర్వాత కిట్

ఏ రేసు, ఏ సంవత్సరం, ఏ నంబరు అన్నది ముందు తేల్చుకోండి. "917 కావాలి" అనుకుంటే సరిపోదు. 1970లో వానలో హెర్మన్, ఆట్‌వుడ్ గెలిపించిన ఎరుపు తెలుపు 23 వేరు, 1971లో 5,335 కిలోమీటర్లు తిరిగి గెలిచిన మార్టినీ చారల 22 వేరు. అదే 1971లో పంది మాంసం కోతల పేర్లు ఒంటినిండా రాసుకుని వచ్చిన గులాబీ రంగు 917/20 ఇంకోటి. దాని నంబరు కూడా 23. రెండు పక్కలా, ముందూ వెనకా ఆ రేసులో తీసిన ఫోటోలు దొరికాకే, ముక్కలు జోడించి మోడల్ చేసుకునే కిట్‌కి డబ్బు పెట్టండి.

పరిమాణం 1:24, అంటే నిజం కారులో ఇరవై నాలుగో వంతు. ఇందులో రెండో మాట లేదు. 1:43లో మజ్దా 787బి 11 సెంటీమీటర్లే ఉంటుంది, అక్షరాలు చదవాలంటే భూతద్దం కావాలి. 1:18 అయితే పది కార్లకే బీరువా నిండిపోతుంది. 1:24లో అదే కారు 20 సెంటీమీటర్లు వస్తుంది, చేతికి నిండుగా ఉంటుంది, డెకాల్ వేయడానికి చోటూ ఉంటుంది.

ఇంకొకటి. రోథ్‌మన్స్ పోర్షే 956, సిల్క్ కట్ జాగ్వార్ లాంటి కార్లకి చాలా కిట్లలో సిగరెట్ కంపెనీ పేర్లు రావు. వాటిని విడిగా డెకాల్ షీట్లుగా అమ్ముతారు, తెప్పించుకోండి. ఆ పేర్లు లేని ఎక్స్‌జేఆర్-9 మోడల్, 1988లో లెమాన్ గెలిచిన కారు కాదు.

సామాను, రంగు

కావలసినవి కొన్నే. మొన తేలిన ట్వీజర్లు, గోళ్ళు కత్తిరించే చిన్న కత్తెర, కొత్త బ్లేడు, రెండు మెత్తటి బ్రష్‌లు, ఇయర్ బడ్స్, ఎన్నోసార్లు ఉతికి నూగు పోయిన నూలు పంచె ముక్క, ఒక సెట్టర్ (డెకాల్ పెట్టేముందు ఆ చోటును తడిపే ద్రవం), ఒక సాఫ్టనర్ (పెట్టాక పొరను మెత్తబరిచే ద్రవం). మైక్రో సెట్, మైక్రో సాల్ జత నాకు అలవాటు. మిస్టర్ మార్క్ సాఫ్టర్ కూడా మంచిదే. నీళ్ళు మాత్రం బోరువి వద్దు. మా వైపు బోరు నీళ్ళు ఆరితే తెల్లటి ఉప్పు మరకలు మిగులుతాయి, నల్లటి కారు మీద అవి పోవు. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ ఒక డబ్బా తెచ్చుకుంటే ఏడాది వస్తుంది.

ముందు ప్రైమర్, దాని మీద రంగు, ఆపైన రంగు లేని మెరిసే క్లియర్ కోటు. వాన ముసురు పట్టిన రోజున థిన్నర్ కలిపే పెయింట్లు స్ప్రే చేయకండి, గాలిలో చెమ్మకి పాలిపోతాయి. ఆటోనగర్‌లో లారీ క్యాబిన్లకు రంగు వేసే ఎవరిని అడిగినా ఇదే చెప్తారు. క్లియర్ వేశాక రెండు రోజులు ఆరనివ్వండి.

మెరుపు కోటు ఎందుకు

"పైన ఎలాగూ క్లియర్ వేస్తాం కదా, కింద ఎందుకు?" అని అడుగుతారు. మ్యాట్ రంగు వేలికి నున్నగా తగిలినా దాని మీద కంటికి కనబడని గుంటలుంటాయి. డెకాల్ పొర వాటి మీద పందిరిలా పరుచుకుంటుంది, అడుగున గాలి చిక్కుకుంటుంది. వెలుతురు ఆ గాలికి తగిలి తెల్లగా తిరిగొస్తుంది. వెండి పొర అంటే అదే. పైన ఎన్ని కోట్లు వేసినా అడుగున చిక్కిన గాలి బయటికి రాదు.

డెకాల్ కిందికి దింపడం

పని తెల్లవారుజామున ఐదింటి నుంచి ఎనిమిది లోపు చేయండి. మా ఊళ్ళో మే నెల మధ్యాహ్నం ఫ్యాన్ ఆపి కూర్చోలేం, ఫ్యాన్ తిరుగుతుంటే డెకాల్ చోటు కుదిరేలోపే ఆరిపోతుంది, పైగా దుమ్ము.

ఒక్కసారి ఒక్కటే. కత్తిరించి, స్నానానికి పనికొచ్చేంత గోరువెచ్చటి నీళ్ళలో ఇరవై ముప్పై సెకన్లు ముంచి, తీసి గుడ్డ మీద పెట్టి ఒక నిమిషం ఆగండి. నీళ్ళలోనే వదిలేస్తే జిగురంతా కరిగి నీళ్ళ పాలవుతుంది. ఈలోపు కారు మీద ఆ చోటును సెట్టర్‌తో తడపండి. కాగితాన్ని ఆ చోటికి ఆనించి, తడి బ్రష్‌తో పొరను పక్కకి జరపండి. ట్వీజర్లతో పొరను ఎత్తకండి, ట్వీజర్లు కాగితం పట్టుకోవడానికే.

పొర నీటి మీద తేలుతున్నంతసేపే చోటు సరిచేసుకోవాలి. 787బి మీద నారింజ, ఆకుపచ్చ కలిసేచోట తెల్లటి కుట్టులాంటి గీత ఉంటుంది. అది ఒక ప్యానెల్ నుంచి ఇంకో ప్యానెల్‌కి తెగకుండా సాగాలి. పైనుంచి చూసి సరిపోయిందనుకోకండి, కారును కంటి ఎత్తుకి తెచ్చి ఫోటోతో పోల్చండి. కుదిరాక, తడిపి పిండిన ఇయర్ బడ్‌ని మధ్య నుంచి అంచులకి దొర్లించండి. రుద్దకూడదు, దొర్లించాలి.

సాఫ్టనర్: ఇక్కడ చెయ్యి వెనక్కి తీసుకోండి

నేను చూసిన పాడైన కార్లలో చాలా ఇక్కడే పాడయ్యాయి.

సాఫ్టనర్ పొరను మెత్తబరిచి, కింద ఉన్న ఒంపులోకి, గీతలోకి దింపుతుంది. బ్రష్‌తో ఒక్కసారి పూయండి. పూసినచోట మళ్ళీ పూయకండి. ఒకటి రెండు నిమిషాల్లో నంబరంతా కాగి చల్లారిన పాల మీద మీగడలా ముడతలు పడుతుంది. మొదటిసారి చూసినవాళ్ళకి గుండె ఆగినంత పనవుతుంది. వెంటనే వేలు పెట్టి సరిచేద్దామనిపిస్తుంది. పెట్టకండి. ఆ క్షణంలో పొరలో బలం అసలు ఉండదు, బ్రష్ తగిలినా సాగుతుంది, వేలు తగిలితే చిరుగుతుంది. ఆ ముడత తప్పు జరిగిందన్న గుర్తు కాదు. పొర మెత్తబడిందని, కాసేపట్లో దానంతటదే లోపలికి లాక్కుంటుందని అర్థం.

నా మొదటి 956 మీద నేను ఆగలేదు. 1982లో ఇక్స్, బెల్ గెలిచిన 1 నంబరు బండి అది. తలుపు మీద అంకె ముడతపడగానే బొటనవేలితో నొక్కాను. ఒకటి వంకర తిరిగి, వేలికి అంటుకుని సగం వచ్చేసింది. ఆ పక్కంతా మళ్ళీ రంగు వేసి, ఇంకో షీటు తెప్పించుకుని అతికించేసరికి మూడు నెలలు పట్టింది.

ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టేవాళ్ళ చేతులు గమనించండి. ఎండు రేకు మడిస్తే విరుగుతుంది, కాస్త తడి తగిలితే మడత పడుతుంది. కానీ తడిసిన రేకును వాళ్ళు గుంజరు. ఇక్కడా అంతే.

పూసి లేచి వెళ్ళిపోండి. నేను కాఫీ పెట్టుకుని, పేపరు చదివి వస్తాను. అరగంటకి ముడతలన్నీ పోయి, రంగు వేసినట్టు కారు ఒంటికి అంటుకుని ఉంటుంది. వానాకాలంలో గంట పట్టొచ్చు. అప్పుడు దీపం పక్కకి వంచి చూడండి. ఎక్కడైనా బుడగ మెరిస్తే కొత్త సూదితో ఒక్క పోటు, దాని మీద సాఫ్టనర్ ఒక చుక్క, మళ్ళీ అరగంట. మూడుసార్లు చేయాల్సి వస్తే మూడుసార్లూ చేయండి.

తలుపు గీతను దాటే నంబరుకి ఇంకో పని ఉంది. బాగా ఆరాక కొత్త బ్లేడుతో గీత వెంట కోసి, ఆ కోతలో సాఫ్టనర్ పోనివ్వండి, రెండు అంచులూ లోపలికి వంగుతాయి. నిజం కారు తలుపు తెరుచుకుంటుంది, నంబరు దాని మీద రెండు ముక్కలుగానే ఉంటుంది. ఫెండర్ (చక్రం మీది రేకు) మీద రెండు వైపులా వంపు తిరిగినచోట డెకాల్ అంచున చిన్న గాట్లు పెడితే మడత పడదు.

కొన్ని షీట్లకి ఘాటు సాఫ్టనర్ పడదు, రంగు కరిగిపోతుంది. షీటులో మీకు అక్కర్లేని చిన్న పేరొకటి పాత ప్లాస్టిక్ ముక్క మీద వేసి చూసుకోండి. పాత షీటుకి ఇది తప్పనిసరి.

హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి నొక్కేవాళ్ళున్నారు. త్వరగా అవుతుంది నిజమే. కానీ వేడికి పొర సాగుతుంది, సాగినచోట గీత సన్నబడుతుంది. మార్టినీ చారలు తలుపు దగ్గర ఒక వెడల్పు, ఫెండర్ మీద ఒక వెడల్పు అయితే ఆ కారు చూడలేం. డెకాల్సే మానేసి వినైల్ స్టిక్కర్లు కోయించుకునేవాళ్ళకి ఒక్క లెక్క చెప్తాను. 0.1 మిల్లీమీటరు మందం స్టిక్కర్ 1:24లో అంటే, నిజం కారు మీద 2.4 మిల్లీమీటర్ల మందం రేకు అతికించినట్టు.

రోజుకి నాలుగైదు డెకాల్స్ చాలు. అడుగున, వెనక, కనబడనివి ముందు వేయండి, చెయ్యి కుదురుకున్నాక తలుపులకి రండి.

ఆరాక

రెండు రోజులాగి, తడిగుడ్డతో మెల్లగా తుడిస్తే మిగిలిన జిగురు మరకలు పోతాయి. పైకోటు మొదటి రెండుసార్లు దూరం నుంచి మంచు పడ్డట్టు పలచగా, మధ్యలో అరగంట. ఆ తర్వాతే తడి కోటు. మొదటి కోటే చిక్కగా వేస్తే అందులోని థిన్నర్ డెకాల్‌ని తినేస్తుంది.

మిగిలిన డెకాల్స్ జిప్ కవర్లో, రెండు అట్టల మధ్య బీరువాలో పెట్టుకోండి. ఏళ్ళు గడిచి పొర పసుపుపచ్చగా మారినా పారేయకండి. కవరుతో సహా కిటికీ అద్దానికి, బొమ్మ ఎండ వైపు ఉండేలా టేపుతో అంటించండి. మామూలుగా వారాలు పడుతుంది. మే నెలలో మా కృష్ణలంక ఇంట్లో పడమటి కిటికీకి నాలుగు రోజులు అంటించాను, పాత 956 షీటు తెల్లబడింది.