ఇది ఏ పిగిలిపిట్ట? రెండిట్నీ పోల్చుకోవడం ఎలా

మామూలు పిగిలిపిట్ట (బుల్‌బుల్), ఎర్రమీసాల పిగిలిపిట్ట, ఈ రెండిటి దగ్గర కొత్తవాళ్లు తరచూ తికమకపడతారు. రెండూ ఒకే ప్రజాతివి, పొడవు దాదాపు 20 సెంటీమీటర్లు, రెండిటికీ తోక కింద ఎరుపు ఉంటుంది. కాబట్టి కింద ఎర్రగా కనిపించగానే పేరు రాసేయకండి.

ముందు చెంప చూడండి. అక్కడ తెల్లటి మచ్చ, దాని కింద సన్నటి నల్ల గీత ఉంటే అది ఎర్రమీసాలదే. మామూలుదానికి తలంతా నలుపే. కంటి వెనక ఎర్ర మచ్చ కోసం వెతుకుతూ కూర్చోవద్దు, అది చాలా చిన్నది, నీడలో కనబడదు, పిల్లలకైతే అసలు ఉండనే ఉండదు. మొదట్లో నేను ఆ ఎరుపు కనబడలేదని చాలా పిట్టల్ని తప్పుగా రాసుకున్నాను, చెంప చూడటం అలవాటయ్యాకే ఆ టెన్షన్ పోయింది.

తర్వాత తలమీది జుట్టు. ఎర్రమీసాలదానికి నిటారుగా, మొనదేలి ఉంటుంది, మామూలుదానికి పొట్టిగా ఉంటుంది. వానకు తడిసినా, పిట్ట జుట్టు అణిచినా తేడా తెలియదు, అందుకే దీన్ని రెండో గుర్తుగానే పెట్టుకోండి.

ఎదురుగా కూర్చుంటే రొమ్ము, పొట్ట చూడండి. మామూలుదాని రొమ్ము ముదురు గోధుమరంగు, ఈకల అంచులు లేతగా ఉండటంతో చేప పొలుసుల్లా కనిపిస్తుంది. రెండోదానికి కిందంతా తెలుపు, రొమ్ముకు అటూ ఇటూ నల్లటి పట్టీ.

మీరు చూసేలోపే ఎగిరిపోయిందా, పర్వాలేదు, వెనక నుంచి తోక మొదలు చూడండి. అక్కడ తెల్లగా మెరిస్తే మామూలుది, గోధుమరంగే ఉంటే ఎర్రమీసాలది. తోక చివరి తెలుపును మాత్రం నమ్మకండి, ఎర్రమీసాలవాటిలో కొన్ని ప్రాంతాల పిట్టలకు అది ఉంటుంది, దక్షిణ భారతంలోని వాటికి ఉండదు.

చోటును బట్టి కూడా తేల్చొద్దు, చాలాచోట్ల రెండూ పక్కపక్కనే తిరుగుతాయి. అసలు మామూలుదానికి 1766లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టిన 'కేఫర్' అనే శాస్త్రీయ నామమే ఆఫ్రికాను సూచిస్తుంది, ఈ పిట్ట మాత్రం ఆసియాది!

కూత వినిపిస్తే ఫోన్‌లో రికార్డు చేసుకుని తీరిగ్గా పోల్చుకోండి. రికార్డు చేసిన కూతను వాటికి తిరిగి వినిపించకండి, ముఖ్యంగా గూళ్లు కట్టే రోజుల్లో. రెండూ పొదల్లో తక్కువ ఎత్తులో గూడు కట్టి మామూలుగా రెండు మూడు గుడ్లు పెడతాయి, కంగారుపడి గూడు వదిలి వెళ్లాయంటే ఆ గుడ్లు పాడైపోతాయి.