సూపర్‌స్టిషన్ కొండల్లో జియోక్యాషింగ్: ఎండలు ముదరకముందే తెలుసుకోవలసిన జాగ్రత్తలు

అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రంలో, ఫీనిక్స్ నగరానికి తూర్పున సుమారు 1,60,000 ఎకరాల్లో పరుచుకున్న సూపర్‌స్టిషన్ కొండలకు నిధి వేట కొత్తేమీ కాదు. 1891లో ఫీనిక్స్‌లో కన్నుమూసిన జేకబ్ వాల్ట్జ్ అనే జర్మన్ వలసదారుకు ఈ కొండల్లో ఒక బంగారు గని ఆచూకీ తెలుసునన్న కథను నమ్మి, దాన్ని వెతుక్కుంటూ వెళ్లి తిరిగి రానివారు తరతరాలుగా ఉన్నారు. 2010 జూలైలో అదే గని కోసం యూటా రాష్ట్రం నుంచి వచ్చిన ముగ్గురి అవశేషాలు 2011 జనవరిలో గాని దొరకలేదు. ఇప్పుడు ఆ కథను నమ్మేవారు తగ్గి, జీపీఎస్ సాయంతో దాచిన పెట్టెలను వెతికే జియోక్యాషింగ్ ఆటగాళ్లు పెరిగారు. ఆట మారింది గాని కొండ మారలేదు, జూలై ఎండ అంతకన్నా మారలేదు. ఫీనిక్స్, చాండ్లర్ ప్రాంతాల్లో ఉంటూ వారాంతాల్లో పిల్లాపాపలతో కొండలెక్కే తెలుగు కుటుంబాలను దృష్టిలో పెట్టుకొని ఈ జాగ్రత్తలు రాస్తున్నాను.

ముందుగా అంకెల సంగతి చూద్దాం. ఈ ఆటలో ప్రతి పెట్టెకూ వెతకడంలోని కష్టానికి ఒకటి, దారి కష్టానికి ఒకటి చొప్పున, 1 నుంచి 5 వరకు రెండు అంకెలు ఇస్తారు. దారి అంకె 5 అంటే తాళ్లు, పడవ వంటి ప్రత్యేక సాధనాలు లేకుండా అక్కడికి చేరలేమని అర్థం. అయితే పెట్టె దాచినవారు జనవరి చలిలో నడిచి 3 అని వేసిన దారి, జూన్ మధ్యాహ్నం ఎవరికైనా ప్రాణాంతకం కావచ్చు, ఎందుకంటే ఆ అంకెలో ఎండకు లెక్క లేదు. కాబట్టి దాన్ని నమ్మేముందు, గత ఏడాది అదే నెలలో అక్కడికి వెళ్లినవారు రాసిన అనుభవాలు చదవండి.

అక్షాంశ రేఖాంశాలను పరికరంలోకి ఎక్కించేటప్పుడు జరిగే పొరపాటు చాలా చిన్నదిగా కనిపిస్తుంది. జియోక్యాషింగ్‌లో 33° 26.460 అని రాస్తే అది 33 డిగ్రీల 26.460 నిమిషాలు, అంటే 26 నిమిషాల 27.6 సెకన్లు. దాన్నే 26 నిమిషాల 46 సెకన్లుగా చదివితే మీరు ఉత్తరానికి అర కిలోమీటరుకు పైగా జరిగిపోతారు. ఊళ్లో అయితే అది రెండు వీధుల తేడా, ఇక్కడ మాత్రం కొండకు అవతలి లోయ. పరికరంలో అక్షాంశ రేఖాంశాలను లెక్కగట్టే డబ్ల్యూజీఎస్ 84 అనే ప్రమాణం ఎంచుకున్నారో లేదో కూడా చూసుకోండి. పాత కాగితపు మ్యాపుల్లోని ప్రమాణం వేరు కావడం వల్ల పదుల మీటర్ల తేడా వస్తుంది.

అన్నిటికన్నా గట్టిగా చెప్పవలసింది జీపీఎస్ తెరమీద పెట్టె ఉన్న దిక్కును చూపే బాణం గురించి. అది చూపే దూరం పక్షి ఎగిరే దూరమే తప్ప మనిషి నడిచే దూరం కాదు. ‘ఇంకా 300 మీటర్లు’ అని కనిపించినప్పుడు మధ్యలో నిలువు రాతిగోడ ఉందో, లోతైన వాగు ఉందో బాణానికి తెలియదు. ప్రమాదాలు తరచుగా జరిగేది ఇక్కడే: ఇంత దగ్గరికి వచ్చి వెనుదిరగడం ఎలాగన్న ఆశతో కాలిబాట వదిలి, ఎక్కగలిగినా దిగలేని బండమీదికి చేరుకుంటారు. పైగా ఇరుకైన లోయల్లో ఉపగ్రహ సంకేతాలు రాతిగోడలకు తగిలి చుట్టుతిరిగి వస్తాయి గనుక, ఆరుబయట ఐదు మీటర్ల లోపు ఉండే తేడా అనేక రెట్లు పెరిగి, బాణం నిలకడ లేకుండా ఊగుతుంది. అలాంటప్పుడు దాని వెంట పరుగెత్తకుండా ఒకచోట నిలబడి చుట్టూ చూడండి. బాట నుంచి ఎంత దూరం పక్కకు వెళ్లవచ్చో, ఏ గంటకు వెనక్కి తిరగాలో ఇంట్లోనే నిర్ణయించుకోండి. పెట్టె పది అడుగుల్లో ఉందనిపించినా ఆ గంట కొట్టగానే తిరగాలి.

జీపీఎస్ పనిచేయడానికి సెల్ సిగ్నల్ అక్కర్లేదు గాని, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోకపోతే ఖాళీ తెరమీద చుక్క ఒక్కటే మిగులుతుంది. ఫోన్‌ను ఎండలో చేత్తో పట్టుకొని నడిస్తే వేడెక్కి దానంతట అదే ఆగిపోతుంది. ఐఫోన్‌ను 35 డిగ్రీల సెల్సియస్ దాటిన చోట వాడవద్దని తయారీదారే చెబుతున్నాడు. 2023లో ఫీనిక్స్‌లో వరుసగా 31 రోజులు పగటి ఉష్ణోగ్రత 43 డిగ్రీలు దాటిందని గుర్తుంచుకుంటే, ఫోన్‌ను ఎంతవరకు నమ్మవచ్చో అర్థమవుతుంది. అందువల్ల పవర్ బ్యాంకుతో పాటు కాగితపు మ్యాపు, దిక్సూచి సంచిలో ఉండాలి. కారు ఆపిన చోటును మొదటి గుర్తుగా పరికరంలో భద్రపరచాలి.

నీటి విషయంలో పిసినారితనం పనికిరాదు. ఎండలో ఎక్కేటప్పుడు మనిషికి గంటకు దాదాపు లీటరు కావాలి. వాగుల్లో దొరుకుతుందిలే అనుకోవద్దు, వేసవిలో అవి ఎండిపోతాయి. ఉత్త నీళ్లే గంటల తరబడి తాగినా రక్తంలో ఉప్పు పలచబడి ప్రమాదం వస్తుంది గనుక ఓఆర్ఎస్ పొట్లాలో, ఉప్పు తగిలిన చిరుతిండో దగ్గర ఉంచుకోండి. తెచ్చిన నీళ్లలో సగం అయిపోయాక ఇంకా ముందుకు వెళ్లడం తప్పు. తోటివారి మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా అది వడదెబ్బే అనుకొని నీడకు చేర్చి, ఒళ్లు తడిపి, విసురుతూ అత్యవసర సాయం నంబరు 911కు ఫోన్ చేయాలి. పిల్లలు, పెద్దవయసువారు ఉంటే మే నుంచి సెప్టెంబరు దాకా ఈ కొండల జోలికి పోకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

జూన్ 15 నుంచి సెప్టెంబరు 30 వరకు ఇక్కడ రుతుపవనాల కాలం. లోయల్లో వరద ముంచెత్తడానికి వాన మీ నెత్తిన పడనక్కర్లేదు. 1997 ఆగస్టులో ఇదే రాష్ట్రపు ఉత్తర భాగంలోని యాంటిలోప్ లోయలో 11 మంది పర్యాటకులను ముంచిన నీళ్లు ఎగువన ఎక్కడో కురిసిన వానవి. దూరాన ఉరుము వినిపిస్తే ఇరుకు లోయల్లోంచి, శిఖరాల మీదినుంచి వెంటనే తప్పుకోండి.

పెట్టెలు రాతి సందుల్లో, చెట్టు తొర్రల్లో ఉంటాయి. తేళ్లు, గిలక పాములు (రాటిల్‌స్నేక్‌లు) చల్లదనం కోసం చేరేదీ అక్కడికే. ముందు టార్చి వేసి, ఊతకర్రతో కదిపి చూడకుండా చెయ్యి పెట్టవద్దు. పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం ఏవీ చేయకండి. ఉంగరాలు, గడియారం తీసేసి, కదలిక తగ్గించి ఆసుపత్రికి చేర్చే ఏర్పాటు చూడండి. పాడుబడ్డ గనుల్లోకి ఎవరు రమ్మన్నా అడుగు పెట్టవద్దు. లోపల కూలిపోయే కప్పులే కాదు, ఊపిరాడని గాలి కూడా ఉంటుంది.

సెల్ సిగ్నల్ అందని చోట సాయం కోరడానికి ఉపగ్రహ సందేశ పరికరం కొనుక్కోవడం ఖర్చు అనిపించినా కొనదగ్గదే. కాని సెలవులకు ఇండియా వచ్చేటప్పుడు దాన్ని ఇంట్లో వదిలి రండి. అనుమతి లేకుండా అలాంటివి తీసుకురావడం మన దేశంలో నేరం, విమానాశ్రయాల్లో విదేశీయులను అదుపులోకి తీసుకున్న సందర్భాలు ఉన్నాయి.

బయలుదేరే ముందు ఇంట్లో ఒకరికి కాగితం మీద నాలుగు సంగతులు రాసి ఇవ్వండి: కారు ఏ బాట మొదట్లో ఆపుతారు, కారు నంబరు, వెతకబోయే పెట్టెల అక్షాంశ రేఖాంశాలు, ఏ గంటకల్లా ఫోన్ చేస్తారు. ఆ గంట దాటితే మొహమాటపడకుండా ఆ కౌంటీ (మన జిల్లా వంటిది) పోలీసు అధికారి అయిన షెరీఫ్ కార్యాలయానికి చెప్పమనండి. ఆరిజోనాలో గాలింపు బాధ్యత వారిదే. దారి తప్పారని తెలిసిన క్షణం నుంచి మీరు నీడలో ఒకేచోట ఉండిపోతే, ఆ కాగితం పట్టుకొని వచ్చేవారికి మిమ్మల్ని కనుక్కోవడం తేలికవుతుంది.