ఫార్మకాలజీ ఆన్‌లైన్ కోర్సు కుదరడం లేదా? ముందు మీ లక్షణం ఏదో చూడండి

నాలుగో సెమిస్టర్ మొదలై నెల తిరక్కముందే పిల్లలు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "మేడం, ఫార్మకాలజీకి మంచి ఆన్‌లైన్ కోర్సు ఏది?" మందులు ఒంట్లో ఎలా పని చేస్తాయో చెప్పే ఈ సబ్జెక్టును పన్నెండేళ్లుగా హైదరాబాద్‌లో బీఫార్మసీ, ఫార్మ్‌డీ పిల్లలకు చెబుతున్నాను. ఇప్పటికీ ఆ ప్రశ్నకు వెంటనే ఏ పేరూ చెప్పను. "ఎక్కడ ఇబ్బంది పడుతున్నావు?" అని అడుగుతాను. దగ్గుతో వచ్చిన మనిషిది జలుబు దగ్గా, ఆస్తమానా, బీపీ మాత్ర వల్ల వచ్చిందా అని తెలుసుకోకుండా సిరప్ ఇచ్చి పంపలేం కదా. కోర్సు విషయంలోనూ ముందు ఆ పనే చేయాలి. కింద రాసినవన్నీ నా దగ్గరికి వచ్చిన పిల్లల ఇబ్బందులే. మీది ఏదో గుర్తుపట్టి అక్కడి నుంచి చదవండి.

సమస్య: వీడియో చూస్తుంటే అంతా అర్థమవుతుంది, మూసేస్తే ఏమీ గుర్తుండదు

ఎక్కువ మంది ఈ ఇబ్బందితోనే వస్తారు. దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో ఉండే ఒక అమ్మాయి కిందటేడు వచ్చింది. "మేడం, రోజూ మూడు గంటలు చూస్తున్న. చూస్తుంటే అంతా అర్థమైతది. పొద్దున లేస్తే ఒక్కటి గుర్తుంటలేదు. ఈ కోర్సు మంచిగ లేదేమో, ఇంకోటి కొనాల్నా?" అంది.

ఆమెను ఒక్క ప్రశ్న అడిగాను. ఆస్తమా ఉన్నవాళ్లకు గుండె వేగం తగ్గించే ప్రొప్రానొలాల్ మందు ఎందుకు ఇవ్వకూడదు? "కాంట్రాఇండికేటెడ్ మేడం" అని ఠక్కున చెప్పింది. ఎందుకు అంటే మౌనం. బీటా-2 రిసెప్టర్లు (కణాల మీద మందు వచ్చి అతుక్కునే చోట్లలో ఒక రకం) ఒంట్లో ఎక్కడెక్కడ ఉంటాయి అంటే అదీ రాలేదు.

కారణం: లోపం ఆమె కొన్న కోర్సులో లేదు, మొదటి సంవత్సరం ఫిజియాలజీలో ఉంది. ఊపిరితిత్తుల గాలి గొట్టాల్లో బీటా-2 రిసెప్టర్లు ఉంటాయని, అవి పని చేస్తే గొట్టాలు వెడల్పవుతాయని తెలిస్తే మిగతాది ఎవరూ చెప్పనక్కర్లేదు. ప్రొప్రానొలాల్ గుండెలోని బీటా-1తో పాటు ఈ బీటా-2ను కూడా మూసేస్తుంది, గొట్టాలు బిగుసుకుంటాయి, ఆస్తమా మనిషికి ఊపిరాడదు. సాల్బ్యుటమాల్ ఇన్హేలర్ ఎందుకు పని చేస్తుందో కూడా ఆ ఒక్క ముక్కతోనే తెలిసిపోతుంది. ఆ ముక్క లేనివాళ్లకు ఇవన్నీ వేర్వేరు వాక్యాలుగా కనిపిస్తాయి. వందల వాక్యాలు బట్టీ పట్టడం ఎవరి వల్ల అవుతుంది?

పరిష్కారం: కొత్త కోర్సు కొనకండి. ఉన్న కోర్సును పది రోజులు ఆపండి. అటానమిక్ నెర్వస్ సిస్టమ్ (మన ప్రమేయం లేకుండా అవయవాలను నడిపే నాడీ వ్యవస్థ) ఒక్కటే తీసుకుని, ఒక పెద్ద చార్టు మీద కన్ను, గుండె, ఊపిరితిత్తులు, పేగులు, మూత్రాశయం, రక్తనాళాలు వరుసగా రాయండి. ఒక్కో అవయవం పక్కన ఏ రిసెప్టర్ ఉంది, అది పని చేస్తే ఏమవుతుంది అని మీ చేత్తోనే నింపండి. డౌన్‌లోడ్ చేసిన చార్టు వల్ల ఉపయోగం ఉండదు, మీరు తప్పులు రాసి కొట్టేసి మళ్లీ రాసినదే గుర్తుంటుంది. ఆ తర్వాత అదే వీడియోకి తిరిగి వెళ్లండి. ఈసారి పది నిమిషాలకోసారి ఆపి, ఫోన్ బోర్లా పెట్టి, విన్నది నాలుగు లైన్లలో రాయండి. రెండు రెట్ల వేగంతో చూడటం రివిజన్ అప్పుడు మాత్రమే పెట్టుకోండి.

ఇంకా ఏ కోర్సూ కొననివాళ్లు డెమో క్లాసులోనే మాస్టారిని పరీక్షించవచ్చు. నేను చూసేది ఎనలాప్రిల్ అనే బీపీ మాత్ర పాఠం. ఆ మాత్ర వేసుకున్న కొందరికి పొడి దగ్గు వస్తుంది. "సైడ్ ఎఫెక్ట్: డ్రై కాఫ్" అని స్లైడ్ చదివి ముందుకు వెళ్లిపోయారంటే ఆ కోర్సు వదిలేయండి. ఏసీఈ అనే ఎంజైమ్ ఒంట్లో తయారయ్యే బ్రాడీకైనిన్‌ను కూడా విరగ్గొడుతుంది, ఎనలాప్రిల్ ఆ ఎంజైమ్‌ను ఆపితే బ్రాడీకైనిన్ పేరుకుపోతుంది, అందుకే దగ్గు, లోసార్టాన్ అనే మరో బీపీ మాత్ర ఆ ఎంజైమ్‌ను ఆపకుండా నేరుగా రిసెప్టర్‌ను మూస్తుంది కాబట్టి ఆ బెడద చాలా తక్కువ అని ఓపికగా చెప్పారా, అక్కడ డబ్బు పెట్టవచ్చు.

ఒక మందు ఎలా పని చేస్తుందో తేల్చడానికి మన ఊళ్లోనే ఎంత పెద్ద గొడవ జరిగిందో పిల్లలకు తప్పకుండా చెబుతాను. ఆపరేషన్లకు ఇచ్చే మత్తుమందు క్లోరోఫామ్ మీద 1888లో, 1889లో నిజాం డబ్బుతో హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్లు నడిచాయి. సర్జన్ ఎడ్వర్డ్ లారీ నడిపించారు, రెండోదానికి లండన్ నుంచి ఫార్మకాలజీ నిపుణుడు లాడర్ బ్రంటన్ వచ్చారు. జంతువులపై ప్రయోగాలు చేసి, క్లోరోఫామ్‌తో ముందు ఆగేది ఊపిరే, ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే గుండెకు భయం లేదని తేల్చారు. 1911లో లెవీ అనే శాస్త్రవేత్త, తక్కువ మత్తులో ఉన్నప్పుడు గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదని పిల్లులపై చూపించారు. అప్పటి దాకా నమ్మినది సరిదిద్దుకోవాల్సి వచ్చింది. మంచి కోర్సులో ఈ "ఎలా తెలిసింది" అనే భాగం కాస్తయినా ఉంటుంది.

సమస్య: కోర్సు బాగుంది, కానీ పరీక్షలో వచ్చినవి అందులో లేవు

కారణం: ఎంబీబీఎస్ పిల్లల కోసం, పీజీ వైద్య ప్రవేశ పరీక్ష కోసం చేసిన కోర్సును బీఫార్మసీ వాళ్లు కొనడం. ఆ కోర్సుల్లో జబ్బు, చికిత్స చక్కగా ఉంటాయి. మనకు కావాల్సిన బయోఅస్సే (మందు బలాన్ని జీవుల మీద, వాటి కణజాలం మీద చూసి కొలవడం) మాత్రం అరుదుగా కనిపిస్తుంది. పీసీఐ (ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) సిలబస్‌లో ఐదో సెమిస్టర్ చివరి యూనిట్‌లో ఒక ముఖ్య భాగం అదే: ఇన్సులిన్, ఆక్సిటోసిన్, హిస్టమిన్ లాంటివాటి బయోఅస్సే.

పరిష్కారం: సిలబస్ కాగితం ముందు పెట్టుకోండి. నాలుగో సెమిస్టర్‌లో జనరల్ ఫార్మకాలజీ, నాడీ వ్యవస్థ మందులు. ఐదులో గుండె, మూత్రపిండాలు, ఆటకాయిడ్లు (హిస్టమిన్ లాంటి ఒంట్లోని పదార్థాలు), హార్మోన్లు, బయోఅస్సే. ఆరులో శ్వాసకోశం, జీర్ణకోశం, యాంటీబయాటిక్స్‌తో సహా కీమోథెరపీ, టాక్సికాలజీ. కోర్సు వాళ్ల విషయ సూచిక తెరిచి ఒక్కో యూనిట్ పక్కన టిక్ పెట్టండి. మీ సెమిస్టర్‌లో ఒక యూనిట్ పూర్తిగా ఖాళీగా ఉంటే కొనే ముందే తెలిసిపోతుంది. విషయ సూచిక చూపించకుండా "డబ్బు కట్టాక కనిపిస్తుంది" అనేవాళ్లకు డబ్బు కట్టకండి.

ఎంఫార్మసీ ప్రవేశ పరీక్ష జీప్యాట్ కోసమైతే లెక్క వేరు. 125 ప్రశ్నలు, సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు 1 కోత. అందులో ఫార్మకాలజీ ఒక భాగమే. వీడియోలు ఎన్ని గంటలు ఉన్నాయన్నది పట్టించుకోకండి. జవాబులకు వివరణ ఇచ్చే మాక్ టెస్టులు ఎన్ని ఉన్నాయో చూడండి.

సమస్య: కోర్సులో చెప్పే మందులు మన మెడికల్ షాపుల్లో వినిపించవు

కారణం: అమెరికా కోర్సు. మన పారాసిటమాల్ వాళ్లకు ఎసిటమినోఫెన్. సాల్బ్యుటమాల్ ఆల్బ్యుటెరాల్ అవుతుంది, అడ్రినలిన్ ఎపినెఫ్రిన్, రిఫాంపిసిన్ రిఫాంపిన్, గ్లైబెన్‌క్లమైడ్ గ్లైబ్యురైడ్. మందు అదే, పేరే వేరు. ఒకబ్బాయి ఈ జతలను వేర్వేరు మందులనుకుని రెండుసార్లు చదివాడు, పాపం.

పరిష్కారం: నోట్‌బుక్ చివరి పేజీలో జతల పట్టిక రాసుకోండి. రిసెప్టర్లు, హాఫ్-లైఫ్, డోస్-రెస్పాన్స్ గ్రాఫులు ఏ దేశంలోనైనా ఒకటే కాబట్టి అవి హాయిగా అక్కడ నేర్చుకోవచ్చు. ఏ మందు చీటీ లేకుండా అమ్మవచ్చు అన్నది మాత్రం అక్కడ నేర్చుకోకండి. మన దగ్గర డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందులకు షెడ్యూల్ హెచ్, హెచ్1 నిబంధనలు ఉన్నాయి, రేపు కౌంటర్ వెనక నిలబడే మనిషి వాటినే పాటించాలి.

సమస్య: సర్టిఫికెట్ వచ్చింది, రిజిస్ట్రేషన్ రావడం లేదు

ఇది రాయడానికి బాధగా ఉంది. "ఆన్‌లైన్ ఫార్మకాలజీ డిప్లొమా చేస్తే మెడికల్ షాపు పెట్టుకోవచ్చు" అని ఎవరో చెప్పారని ఒకాయన తన కొడుకును తీసుకుని వచ్చారు. డబ్బు అప్పటికే కట్టేశారు.

కారణం: ఫార్మసిస్టుగా రిజిస్టర్ కావాలంటే 1948 ఫార్మసీ చట్టం ప్రకారం పీసీఐ ఆమోదించిన కాలేజీలో రెగ్యులర్‌గా చదవాలి. ఆన్‌లైన్‌లో, దూరవిద్యలో ఫార్మసీ డిగ్రీలు నడపడాన్ని యూజీసీ 2020 నిబంధనల్లోనే నిషేధించింది.

పరిష్కారం: పీసీఐ వెబ్‌సైట్‌లో కాలేజీ పేరు వెతకండి. లేకపోతే ఆ మాట అక్కడితో ఆపేయండి. ఆన్‌లైన్ కోర్సు మీ చదువుకు తోడుగా ఉండగలదు, చదువు స్థానంలోకి రాలేదు. తోడుగా కావాలంటే ముందు కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం పోర్టల్ చూడండి. చేరడం ఉచితం, పరీక్ష రాయాలనుకుంటేనే రుసుము. అందులో ఐఐటీల వాళ్లు నడిపే ఎన్‌పీటీఈఎల్ కోర్సుల్లో వారం వారం అసైన్‌మెంట్లకు 25 శాతం, కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షకు 75 శాతం మార్కులు ఉంటాయి. ఇంట్లో కూర్చుని బటన్ నొక్కితే వచ్చే సర్టిఫికెట్ కన్నా దానికి విలువ ఎక్కువని నా అభిప్రాయం.

సమస్య: ఫార్మకోవిజిలెన్స్ కోర్సు చేసినా ఇంటర్వ్యూలో నోరు పెగలడం లేదు

ఫార్మకోవిజిలెన్స్ అంటే మందుల దుష్ప్రభావాలను కనిపెట్టి నమోదు చేసే పని. అమీర్‌పేటలో మెట్రో దిగితే చాలు, "వంద శాతం ప్లేస్‌మెంట్" పాంప్లెట్లు చేతిలో పెడతారు. ఇప్పుడు అవే కోర్సులు ఆన్‌లైన్‌లోకి వచ్చాయి.

కారణం: వాటిలో చాలావరకు దుష్ప్రభావాల కేసులు నమోదు చేసే ఆర్గస్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఏ బటన్ ఎక్కడుందో నేర్పుతారు. ఇంటర్వ్యూలో అడిగేది వేరు: ఈ రోగికి దద్దుర్లు ఆ మందు వల్లే వచ్చాయని ఎలా చెబుతావు? దానికి ఫార్మకాలజీ కావాలి.

పరిష్కారం: ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ వెబ్‌సైట్‌లో దుష్ప్రభావాలను రిపోర్టు చేసే ఫారం ఉచితంగా దొరుకుతుంది. ఇంట్లో ఎవరికైనా మందు పడకపోయిన సంగతి గుర్తు చేసుకుని, పేరు రాయకుండా, ప్రాక్టీసుకు ఒక ఫారం నింపండి. మందు ఎప్పుడు మొదలైంది, లక్షణం ఎప్పుడు వచ్చింది, ఆపాక తగ్గిందా, మళ్లీ వాడితే వచ్చిందా? తర్వాత, ఆ లక్షణం మందు వల్లే వచ్చే అవకాశం ఎంతో ప్రశ్నలతో తేల్చే నరంజో స్కేల్‌తో స్కోర్ వేయండి. ఇలా పది చేశాక కోర్సు అవసరమో కాదో మీకే తెలుస్తుంది. ఆ కమిషన్ సొంతంగా కూడా శిక్షణ కార్యక్రమాలు నడుపుతుంది, ముందు వాటిని చూడండి. ఉద్యోగం గ్యారంటీ అని ప్రకటించడాన్ని కోచింగ్ సెంటర్ల కోసం 2024 నవంబర్‌లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు తప్పుబడుతున్నాయని కూడా గుర్తుంచుకోండి.

సమస్య: కోర్సు వద్దనుకున్నా ఈఎంఐ ఆగడం లేదు

కారణం: మీరు వాయిదాలనుకున్నది నిజానికి మీ పేరు మీద తీసుకున్న లోను. కోర్సు వాళ్లకు డబ్బు మొత్తం ముందే చేరిపోయి ఉంటుంది.

పరిష్కారం: ఓటీపీ చెప్పే ముందు అప్పు ఇచ్చేది ఎవరో అడగండి. డిజిటల్ లోను తీసుకున్నాక పెనాల్టీ లేకుండా వెనక్కి తప్పుకునే గడువు కొంత ఉండాలని ఆర్‌బీఐ నిబంధన, ఆ గడువు ఎంతో ఒప్పందంలో చూడండి. రీఫండ్ అడిగేది ఫోన్లో కాదు, ఈమెయిల్‌లో అడగండి. తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడవచ్చు. ఇంట్లో అమ్మానాన్నలకు చెప్పకుండా దాచకండి. ఒంటరిగా టెన్షన్ పడుతూ వాయిదాలు కట్టిన పిల్లలను చూశాను.

సమస్య: మూడో వారంలో ఆగిపోతున్నాను

కారణం: అడిగేవాళ్లు లేకపోవడం.

పరిష్కారం: ఇద్దరిని తోడు పెట్టుకోండి. దిల్‌సుఖ్‌నగర్ అమ్మాయి తన చార్టు పూర్తయ్యాక ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి ప్రతి ఆదివారం కూర్చోవడం మొదలుపెట్టింది. ఒకరు మందు పేరు చెబుతారు, రెండోవారు రిసెప్టర్, మూడోవారు ఏ రోగికి ఇవ్వకూడదో, ఎందుకో చెప్పాలి. ఆ ఆదివారాల చదువుకు ముగ్గురికీ కలిపి ఒకటే కోర్సు, అదీ కొన్నది కాదు, స్వయంలో ఉచితంగా చేరినది.