తుఫాను తీరం దాటకముందు ఇంట్లో తీసుకోవలసిన జాగ్రత్తలు

భీమునిపట్నం, పద్మనాభం మండలాల్లో రేకుల ఇళ్లలో ఉండేవారు విశాఖపట్నం తుఫాను హెచ్చరికల కేంద్రం నుంచి సమాచారం రాగానే, వాన మొదలయ్యేదాకా ఆగకుండా సర్దుకోవడం ప్రారంభించాలి. ఓడరేవులో ఎగరేసే ప్రమాద సూచికలు ప్రధానంగా ఓడల కోసం ఉద్దేశించినవి కనుక, ఇంటి విషయంలో వాటి నంబరు పెరిగేదాకా వేచి ఉండడం తగదు.

అన్నిటికన్నా ముందు పైకప్పు చూసుకోవాలి. రేకులను దూలాలకు పట్టి ఉంచే బోల్టులు తుప్పుపట్టాయేమో, వాషర్లు ఊడిపోయాయేమో ఒక్కొక్కటిగా పరీక్షించి బిగించాలి. చాలామంది రేకులపై విడి రాళ్లు పెడతారు గాని, గాలికి అవే దొర్లి మనుషుల మీద పడతాయి; ఇసుక బస్తాలను రెండేసి చొప్పున తాడుతో జతకట్టి ఇరువైపులా వేలాడేలా వేయడం మేలు. ఇంటి మీదికి వంగిన కొబ్బరి చెట్ల ఎండు మట్టలను, కాయలను దింపించాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటాక విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేకపోతే బోరు మోటారు తిరగదు కాబట్టి, మనిషికి రోజుకు కనీసం 4 లీటర్ల చొప్పున తాగునీటిని మూతబిందెల్లో ముందే నింపి ఉంచాలి. మందులు, ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం ప్లాస్టిక్ సంచిలో ఉండాలి. పశువులను మెట్టకు తోలి పలుపులు విప్పేయాలి.

హోరుగాలి హఠాత్తుగా ఆగితే తుఫాను కన్ను, అంటే గాలి నెమ్మదించే నడిభాగం, మీ ఊరి మీదుగా వెళ్తోందేమోనని అనుమానించాలి; కాసేపటికి ఎదురుదిక్కు నుంచి అంతే ఉధృతంగా గాలి మళ్లీ వీస్తుంది కనుక, అధికారులు చెప్పేదాకా ఎవరూ బయటికి రాకూడదు. అత్యవసరమైతే 112కు ఫోన్ చేయాలి.