తాగిన చైనా కవి లీ బాయ్‌ని సిరాతో గీయాలంటే

మత్తుని ముఖంలో చూపించకండి. ముక్కు ఎర్రగా వేసి, కళ్లు సగం మూస్తే కార్టూన్ అయిపోతుంది. జారిన భుజం, వదులైన నడికట్టు, పక్కకు ఒరిగిన టోపీ చాలు. దక్షిణ సాంగ్ రాజవంశ కాలపు చిత్రకారుడు లియాంగ్ కాయ్ గీసిన లీ బాయ్ (701–762) చేతిలో గిన్నె కూడా ఉండదు. పైకెత్తిన తల, కొద్ది గీతల్లో అంగీ, అంతే!

కాగితం పటిక పట్టించనిదై ఉండాలి. చెన్నై ఆండర్సన్ స్ట్రీట్‌లో పల్చటి హ్యాండ్‌మేడ్ కాగితం కొనేముందు ఒక నీటిచుక్క వేసి చూడండి. వెంటనే పీల్చుకుంటే తీసుకోండి, ముత్యంలా నిలిస్తే వద్దు. కింద ఉన్ని దుప్పటి పరవండి. లక్క కలిసిన డ్రాయింగ్ ఇంకు కుంచెను గట్టిపరిచి పాడుచేస్తుంది, దాని జోలికి పోకండి. సిరాకడ్డీని నీళ్లతో అరగదీస్తే ఏ రోజుది ఆ రోజే వాడాలి. అందులోని జంతుజిగురు మన ఎండకు కుళ్లి కంపు కొడుతుంది.

ముందు సన్నకుంచెతో తల, గడ్డం గీసి ఆరనివ్వండి. తర్వాత మేకవెంట్రుకల పెద్దకుంచెను పల్చటి సిరాలో (ఒక చెంచా సిరాకి ఎనిమిది చెంచాల నీళ్లు) ముంచి, మొన మాత్రం చిక్కటి సిరాకి తాకించండి. కుంచె మొదలును గుడ్డకి అద్ది, పక్కకి పడుకోబెట్టి అంగీని ఐదారు లాగుల్లో ముగించండి. వేసినదాని మీద మళ్లీ వేశారో, అంచులు కట్టి మచ్చలు పడతాయి. దానికి మందు లేదు, కొత్త కాగితం తీసుకోవాల్సిందే. నవంబరు ముసురులో సిరా ఎక్కువ పాకుతుంది, అప్పుడు కుంచెలో తడి తగ్గించండి. ఫ్యాన్ ఆపడం మర్చిపోకండి.

అంగీ సగం ఆరాక నడికట్టు చిక్కగా వేయండి. మెడ వెనక నుంచి నిలువుగీత ఊహించుకోండి. అది పాదం దాటి పడితే మనిషి పడిపోతున్నట్టే, పక్కన పట్టుకునే కుర్రాడో బండరాయో ఉండాలి.

గిన్నె పెట్టాలంటే కాలం చూసుకోండి. ‘వెదురుతోపు ఏడుగురు’ అని పేరుపడ్డ చైనా పండితులు 3వ శతాబ్దం వాళ్లు, వాళ్లకి రెండు చెవుల కోలగిన్నె. వాళ్లలో గుండ్రటి తంత్రీవాద్యం పట్టుకున్నవాడు రువాన్ షియెన్. చామంతులు ఉంటే ఆ తర్వాతి కవి తావ్ యువాన్‌మింగ్. వాళ్లు తాగింది ఎక్కువగా ధాన్యం పులియబెట్టినదే, కాబట్టి గాజుగ్లాసూ ద్రాక్షగుత్తీ ఎవరి పక్కనా పెట్టొద్దు.

వెనక కాగితం అతికించే ముందు ఒక రోజంతా ఆరనివ్వండి. అదే సిరాతో గీసిన చిత్తుముక్క మీద తడిగుడ్డ అద్దండి. నలుపు దిగితే ఆ బొమ్మకి జిగురు పూయకుండా అలాగే ఫ్రేమ్ కట్టించండి.