ఆంగ్లో ఇండియన్ ఇంటిపేరు మూలాలు వెతకడం ఎలా?

తాతయ్యది కాజీపేట రైల్వే కాలనీ, ఇంటిపేరు రోడ్రిగ్స్. నాయనమ్మ పుట్టింటివాళ్లు ముదిగొండ వారు. మనవడికి ఇద్దరి కథా కావాలి. ఇలాంటి ఇళ్లు లాలాగూడలోనూ ఉన్నాయి, వాల్తేరులోనూ ఉన్నాయి. చాలామంది ముందుగా చేసే పని, నెట్‌లో ఇంటిపేరు కొట్టి, ఆ వంశచిహ్నమంటూ కనిపించిన సింహాల బొమ్మకు ఫ్రేమ్ కట్టించడం. బొమ్మ సంగతి తర్వాత చూద్దాం, ముందు కాగితాలు.

1. ట్రంకుపెట్టె తెరవండి

బాప్తిస్మం సర్టిఫికెట్, పెళ్లి సర్టిఫికెట్, రైల్వే సర్వీసు కాగితాలు, బైబిల్ మొదటి పేజీలో రాసుకున్న పుట్టినరోజులు, ఏదీ వదలొద్దు. పెద్దవాళ్లను "మన మూలాలేంటి?" అని అడిగితే కథలు చెబుతారు. "మీ అమ్మగారిని ఏ ఊళ్లో సమాధి చేశారు?" అని అడగండి, ఊరి పేరు దొరుకుతుంది.

2. ఒక్కో తరం వెనక్కి వెళ్లండి

ఆ ఊరి చర్చి రిజిస్టర్ చూడండి. ఈస్టిండియా కంపెనీ కాలం నుంచి ఇక్కడి బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాల నకళ్లు లండన్‌కు వెళ్లేవి. ఇప్పుడవి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. మద్రాసు ప్రెసిడెన్సీవి ఎన్/2 వరుసలో దొరుకుతాయి. బ్రిటిష్ ఇండియాలోని కుటుంబాల చరిత్ర వెతికేవారి కోసం పనిచేసే ఫిబిస్ (FIBIS) అనే సంస్థ వెబ్‌సైట్లో ఉచితంగా పేరు వెతకొచ్చు.

పేరు దొరికిన వెంటనే సంబరపడకుండా ఆ వరుస మొత్తం చదవండి. బిడ్డ పేరు, తండ్రి పేరు, ఆయన ఉద్యోగం ఉంటాయి. తల్లి దగ్గరకొచ్చేసరికి పాత రిజిస్టర్లలో కొన్నిచోట్ల "స్థానిక స్త్రీ" అని ఒక్క ముక్కతో సరిపెట్టారు. మన అమ్మమ్మల వైపు దారి మూసుకుపోయేది అక్కడే. అప్పుడు తండ్రి వీలునామా, జ్ఞాన తల్లిదండ్రుల (గాడ్‌పేరెంట్స్) పేర్లు చూడాలి. పిల్లల తల్లికి ఇంత ఇవ్వాలని రాసినచోట ఆమె పేరు బయటపడొచ్చు.

స్పెల్లింగ్‌ను నమ్మొద్దు. గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు. డిక్రూజ్, డాక్రూజ్, క్రూజ్ మూడూ వెతకండి.

3. పేరు ఏం చెబుతుందో, ఏం చెప్పదో

రోడ్రిగ్స్ అంటే రోడ్రిగో కొడుకు. ఫెర్నాండెజ్ అంటే ఫెర్నాండో కొడుకు. అంతమాత్రాన పోర్చుగల్ రక్తం ఉన్నట్టు కాదు. గోవాలో, మంగళూరు వైపు మతం మారినవాళ్లకు బాప్తిస్మం ఇచ్చిన పాదిరి పేరో, జ్ఞాన తండ్రి పేరో ఇంటిపేరైంది. పైగా ఇంటిపేరు తండ్రి వైపు నుంచే వస్తుంది. రాజ్యాంగంలో 366(2) అధికరణ కూడా ఆంగ్లో ఇండియన్‌ను తండ్రి వైపు వంశాన్ని బట్టే నిర్వచించింది. ఇంటిపేరు పట్టుకుని వెళితే మిగతా ముత్తవ్వలు, ముత్తాతలు లెక్కలోకే రారు.

4. తెలుగు వైపు

ముదిగొండ లాంటి ఇంటిపేర్లు చాలావరకు ఊరి పేర్లే. అదే పేరుతో రెండు మూడు ఊళ్లుంటాయి కాబట్టి పాత పహాణీలు, అడంగళ్లు లాంటి భూమి రికార్డులు చూడాలి. ఇంటిపేరు ఒకటే అయినంత మాత్రాన చుట్టాలని అనుకోవద్దు.

5. ఇక ఆ సింహాల బొమ్మ

ఇంగ్లండ్‌లో కోట్ ఆఫ్ ఆర్మ్స్ (డాలు మీద గీసే వంశచిహ్నం) ఇంటిపేరుకు ఇవ్వరు, మనిషికి ఇస్తారు. ఆయన మగ సంతతికి వారసత్వంగా వస్తుంది. పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డలకు దానంతటదే రాదు. కంపెనీ కాలం నాటి కుటుంబాల్లో ఈ చిక్కు తరచూ ఎదురవుతుంది. కాబట్టి అదే ఇంటిపేరున్న ఎవరో దొరగారి డాలు మీది కాదు.

తరాల గొలుసు తెగకుండా ఇంగ్లండ్‌లోని ఒక మనిషి దాకా చేరితే, ఈ చిహ్నాల లెక్క చూసే, 1484లో మొదలైన లండన్ కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్‌కు రాయండి. ఫీజు తీసుకుని వెతుకుతారు. స్కాట్లాండ్ పేరైతే అక్కడ ఇదే పని చూసే లార్డ్ లయన్ ఆఫీసును అడగాలి, అక్కడ 1672 నుంచి రిజిస్టర్ ఉంది. మన రోడ్రిగ్స్ తాతయ్య కోసం మాత్రం లండన్‌కు ఫీజు కట్టడం దండగ. ఆ డబ్బుతో గోవా వెళ్లి చర్చి పుస్తకాలు చూడటం మేలు.